నవాబు బందూకు, మా దూదివిల్లు

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ముందు మేం నిలబడితే, అవన్నీ మా ఇంట్లోంచి తెచ్చినవే అన్నట్టు చూస్తారు కొందరు. అవి మావి కావు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949) 1914లో దివాన్‌గిరీ వదిలాక బతుకంతా వస్తువులు కొనడానికే పెట్టాడు. తాతతండ్రుల నుంచి వచ్చినవాటికి తోడు గడియారాలు, దంతపు బొమ్మలు, కత్తులు, బాకులు, వత్తి ముట్టించి పేల్చే బందూకులు చేరాయి. ఎవర్నీ కాల్చడానికి కాదు, సేకరణలో వెలితి ఉండకూడదని. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ మ్యూజియం ప్రారంభించాడు. నవాబు బందూకు జాతి సంపదయింది.

అంతకు మూడేళ్ల ముందు, 1948 సెప్టెంబరు పోలీసు చర్య. రజాకార్ల దౌర్జన్యం నిజం. పగ మాత్రం బందూకు ముట్టనివాళ్ల మీద కూడా తీర్చుకున్నారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు.

మా తాతల చేతుల్లో ఉన్నవి దూది ఏకే విల్లు, జట్కా చర్నాకోల, మాంసం కొట్టే కత్తి. వాటికి అద్దాల బీరువా ఎవరు కడతారు? నవాబు చరిత్రే మా చరిత్రనుకున్నంత కాలం మేం కూడా కట్టలేదు. ఇక మేమే రాసుకోవాలి.