ఏడు హాలీలు, ఆరు కల్దారులు



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. మాది కథలాపూరు. నేడది జగిత్యాల జిల్లాలోనిది. 2016 వరకు కరీంనగరము జిల్లాలోనిది. 1948 వరకు నిజాము రాజ్యములోనిది. ఈ కడపటి మాటయే నేటి ప్రసంగమునకు మూలము. ఏలయన, ఆ రాజ్యపు నాణెము వేరు, దానిని చుట్టియున్న బ్రిటిషు ఇండియా నాణెము వేరు.

నిజాము రూపాయను హాలీ సిక్కా యనిరి. బ్రిటిషు రూపాయను కల్దారు అనిరి. కల యనగా యంత్రము, యంత్రముపై ముద్రింపబడినదని యర్థము. రెండింటికిని రూపాయకు 16 అణాలే, అణాకు 12 పైలే. పేరులొక్కటియే, విలువ వేరు. చార్మినారు బొమ్మగల హాలీ రూపాయ సుమారు 11.18 గ్రాముల తూకము. అందు వెండి నూటికి దాదాపు 82 పాళ్లు. 1939 వరకు ముద్రింపబడిన కల్దారు 11.66 గ్రాములు, అందు వెండి దాదాపు 92 పాళ్లు. లోపలి వెండిని లెక్కించినచో హాలీలో 9.14 గ్రాములు, కల్దారులో 10.69 గ్రాములు తేలును. ఏడు హాలీలకు ఆరు కల్దారులను మారకము దీనికి దాదాపు సరిపోవును. నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ యని దొరతనమువారి లెక్క. బజారులో ఇది కొంత హెచ్చుచు తగ్గుచు నుండెడిది.

ఇందలి చిక్కు పెద్ద మొత్తములలో లేదు, చిల్లరలో నున్నది. కల్దారు అణా నిచ్చినవానికి 14 హాలీ పైలు రావలెను. ఒక అణా బిళ్ల, ఒక రెండు పైల బిళ్ల చేతిలో పెట్టిన ఋణము తీరెను. కల్దారు రూపాయకు ఒక రూపాయ 2 అణాల 8 పైలు. అదియు సరిగా తెగును. కాని యెదురుదారిని చూడుడు. హాలీ అణాకు 10 కల్దారు పైలును, మీద పైలో ఏడింట రెండు పాళ్లును రావలెను. పైని ఏడు ముక్కలు చేయు నాణెము లోకమున లేదు. పోనీ, పై బిళ్ల లయిన దొరకునా? 1942 తరువాత వాని ముద్రణయే నిలిచెను. మూడు పైల విలువగల పైసాలే చలామణిలో నున్నచోట హాలీ అణాకు మూడు పైసాలు, అనగా 9 పైలు, చేతికి వచ్చును. పోయినది సరిగా ఎనిమిదవ పాలు! రూపాయకు రెండణాలు. సరాఫు పుచ్చుకొను వట్టము దీనికి మీద.

ఈ నష్టమెవరిది? మూటలతో మార్చుకొను సాహుకారుది కాదు. పొట్టచేత పట్టుకొని బొంబాయి, షోలాపురము మిల్లులకు పోయిన మా సిరిసిల్ల, కోరుట్ల ప్రాంతపు నేతవారిది. దారిలో ఒక్కొక్క అణాయే మార్చుకొనువారిది. మా తాతగారు వీధిబడి నడిపిరి. పయనమునకు ముందు లెక్క చెప్పించుకొన వచ్చినవారితో ఆయన ఒకేమాట యనెడివారట: "ఏడు చేరనిదే మార్చకు నాయనా!" ఏడణాలు కూడబెట్టి మార్చిన ఆరణాలు ముక్క పోక వచ్చును. ఒక్కొక్కటిగా మార్చిన ప్రతిసారియు కొంత జారిపోవును. ఆ మాటలోని గణితము నాకు బాల్యమున తెలియలేదు; పిల్లలకు త్రైరాశికము చెప్పునపుడు తెలిసినది.

1951లో హాలీ విడుదల నిలిచెను. 1959 వరకు చెల్లుబాటు మాత్ర ముండెను. ఇంతలో 1957 ఏప్రిల్ 1న రూపాయకు నూరు నయాపైసలు వచ్చెను. కొంతకాలము మా యంగడులలో మూడు లెక్కలు కలిసి నడచెను. అణాకు ఆరుంబాతిక నయాపైసలు. అరకు మించిన ముక్కను ఒకటిగా నెంచి, తక్కినదానిని విడువవలెనని చట్టము. కనుక అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25. నాలుగణాలను విడివిడిగా మార్చిన 24 వచ్చును. కలిపి యిచ్చిన 25 వచ్చును. తాతగారి ఏడు ఇచ్చట నాలుగైనది. సూత్ర మొక్కటియే.

నేడు మా యూళ్ల యువకులు గల్ఫు దేశములకు పోవుచున్నారు. ఆ తీరమున నొకప్పుడు మన రూపాయయే చెల్లెడిది. 1959లో రిజర్వు బ్యాంకు దానికై ప్రత్యేకపు నోట్లు వేసెను. 1961లో కువైటు, తరువాత నితర రాజ్యములు తమ నాణెములు తెచ్చుకొనినవి. కువైటు దీనారుకు వేయి ఫిల్సులు, సౌదీ రియాలుకు నూరు హలాలాలు, ఒమాను రియాలుకు వేయి బైసాలు. బైసా మన పైసాయే. జీతము బ్యాంకు ద్వారా సరిగానే చేరును. కాని జేబులోని బిళ్లలను మారకపు కొట్లవారు సాధారణముగ కొనరు. కావుననే మా యూరి గూళ్లలో రేకు డబ్బాల నిండ ఫిల్సులు, హలాలాలు, పిల్లలకు ఆటవస్తువులు.

అందు ప్రతి బిళ్లయు ఎండలో చెమటోడ్చిన కూలిలో నొక ముక్క. మా యింటికి సెలవు తీసికొన వచ్చిన పిల్లలతో నేనిట్లందును: "నాయనా, విమానమెక్కుటకు ముందు చిల్లరను అక్కడనే ఖర్చుపెట్టుము, లేదా తోటివానికిచ్చి నోటు తెమ్ము." తాతగారి మాటయే, ఏడు మాత్రము మారినది.