ఏడు బొమ్మల అచ్చాఫీసు

ఏమిట్రా అబ్బాయ్, మన ఊరి చరిత్ర పుస్తకం వేస్తావా? వెయ్యి, వెయ్యి. ముందు ఆ కుంపటి కాస్త ఇటు జరుపు, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఒక్క పేజీ రాయలేదు గానీ అట్ట మీద బొమ్మ మాత్రం ఫోనులో సిద్ధంగా పెట్టుకున్నావు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సరే, మా అచ్చాఫీసు సంగతి చెబుతా విను. పనేం లేదుగా? ఉన్నా కూర్చో.

నేను తెనాలిలో అచ్చాఫీసులో చేరింది 1953లో, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది. నాకు పదమూడేళ్ళు. నెలకి ఎనిమిది రూపాయలు, సంక్రాంతికి ఒక పంచె. అచ్చాఫీసంటే పెద్ద మేడ అనుకునేవు. ముందు వసారాలో ఒక ట్రెడిల్, లోపల టైపు కేసులు, పెరట్లో బైండింగు, ఆ వెనక యజమాని గారి వంటిల్లు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేసి వాటి మీద వచ్చిన డబ్బు ఆయన తన చిన్న పుస్తకాల మీద పోగొట్టుకునేవారు. స్థలపురాణాలు, పిల్లల కథలు, ఇంటి వైద్యం, సబ్బుల తయారీ, ఊరగాయలు, ఇలాంటివన్నమాట. నలభై ఎనిమిది పేజీలు, నాలుగణాలు.

తెలుగు టైపంటే ఇంగ్లీషులా ఇరవయ్యారు అక్షరాలతో తేలే వ్యవహారం కాదు. గుణింతాలకి వేరే గళ్ళు, ఒత్తులకి వేరే గళ్ళు. ఏ గడి ఎక్కడుందో చేతికి తెలియడానికే నాకు ఆర్నెల్లు పట్టింది. పైగా స్టిక్కులో పేర్చిన అక్షరాన్ని తలకిందులుగా చదవాలి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఎదురుగా కూర్చున్నవాడి చేతి కింద ఉత్తరం ఉంటే నాకు కనబడిపోతుంది. నా పెళ్ళిచూపుల్లో మా మామగారు బల్ల మీద పెట్టుకున్న కట్నం లెక్క అలాగే చదివేశాను. ఎంతుందో చెప్పను, మీ నాయనమ్మ వింటోంది. రామాయణంలో పిడకల వేట అంటావు, సరే, పుస్తకాల దగ్గరికి వస్తున్నా.

మా దగ్గర టైపు తక్కువ. నాలుగు పేజీలు పేర్చేసరికి గళ్ళు ఖాళీ. ఆ నాలుగూ అచ్చు వేసి, సీసాన్ని కిరసనాయిలుతో కడిగి, ఏ అక్షరాన్ని ఆ గడిలో వేస్తేగానీ తరవాతి నాలుగు పేజీలు మొదలయ్యేవి కావు. అంటే ప్రూఫులో దొరకని తప్పు ఇంక దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే. ఆ మాట గుర్తుపెట్టుకో, దానితో తరవాత పనుంది.

ముందు పిల్లల కథలు. 1947 జులైలో నాగిరెడ్డి గారూ చక్రపాణి గారూ మద్రాసులో చందమామ మొదలుపెట్టారు కదా. ఆ చక్రపాణి గారిది మా తెనాలే. దాంతో ఊళ్ళో అచ్చాఫీసు ఉన్న ప్రతివాడికీ తానూ పిల్లల పుస్తకం వేస్తే పోలా అనిపించేది. మా యజమాని గారికీ అదే పురుగు. కానీ బొమ్మ వేయించి, బ్లాకు చేయించాలంటే చదరపంగుళానికి ఇంతని డబ్బు. మా దగ్గర మొత్తం ఏడు బ్లాకులుండేవి. ఒక రాజు, ఒక రాణి, ఒక నక్క, ఒక ఎద్దు, ఒక బావి, ఒక ముసలమ్మ, ఇంకోటి పాత మందుల ప్రకటన లోంచి మిగిలిపోయిన పహిల్వాను. రచయిత కథ తీసుకొస్తే యజమాని గారు మొదట అడిగే ప్రశ్న, "ఇందులో జంతువులేవండీ?" అని. ఏనుగు అంటే, "ఏనుగు లేదు, ఎద్దు చేసుకోండి" అనేవారు. పాపం ఆ కుర్ర రచయిత కథలో రాజుగారు ఎద్దు మీద అంబారీ కట్టించుకుని ఊరేగాడు. పహిల్వాను ఒక కథలో భీముడు, ఒక కథలో రాక్షసుడు, ఒకదాంట్లో మంత్రి. పిల్లలకేం పట్టలేదు. ఒక బుడతడు మాత్రం కొట్టుకొచ్చి, "ఈ రాక్షసుడు పోయిన పుస్తకంలో మంచివాడు కదండీ, ఎందుకు చెడిపోయాడు?" అని అడిగాడు. వాడికి ఇంకో పుస్తకం ఊరికే ఇచ్చి పంపించాం.

ఊరగాయల పుస్తకం రాసినాయన ఏనాడూ పొయ్యి ముట్టించిన మనిషి కాదు. కూటి కోసం కోటి విద్యలు. ఆవకాయకి ఉప్పు సోలెడు అని రాస్తే నేను తవ్వెడు అని పేర్చాను. రెండు సోలలు ఒక తవ్వ, నీకా లెక్కలు రావులే. ప్రూఫు ఆరబెట్టి వుంటే అమ్మగారు, అంటే యజమాని గారి భార్య, మజ్జిగ తెస్తూ చూసి, "ఈ ఆవకాయ తిన్నవాడు చెరువు తాగాలి" అన్నారు. ఆవిడ నాలుగో తరగతి దాకా చదివారంతే. ఆ రోజు నుంచి వంట, వైద్యం, నోములు, ఏ పుస్తకమైనా ఆవిడ చూశాకే ట్రెడిల్ ఎక్కేది. అన్నీ చూపించాం గానీ ఊరి చరిత్రలు చూపించలేదు. మగాళ్ళ వ్యవహారమని మా గొప్ప.

అమ్మడం ఇంకో తంతు. పుస్తకాల కొట్లవాళ్ళు నూటికి పాతిక కమీషను తీసుకుని, డబ్బు మాత్రం ఏడాదికిచ్చేవారు. అందుకని తిరనాళ్ళకి మేమే మూటలు మోసేవాళ్ళం. నైజాంలో వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తనే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారట. ఆ సంగతి చెప్పి యజమాని గారు నా నెత్తిన ఇంకో కట్ట పెట్టేవారు. ఇక వీపీపీ అయితే, కార్డు రాసి పుస్తకం పంపమంటారు, తీరా పోస్టుమాను డబ్బడిగితే ఇంట్లో లేమంటారు. ఆ మాట వాళ్ళే గుమ్మంలో నిలబడి చెప్పేవారట. 1957 ఏప్రిల్‌లో నయాపైసలొచ్చినప్పుడు ఇంకో గోల. నాలుగణాలకి పాతిక, సరిపోయింది. అణా పుస్తకానికి ఆరు నయాపైసలు, రెండణాల దానికి పన్నెండు, మూడణాల దానికి పంతొమ్మిది! "రెండు పుస్తకాలు విడివిడిగా కొంటే పద్దెనిమిదే అవుతుందిగా, పంతొమ్మిదెందుకిస్తాను?" అని ఒక వకీలు గుమాస్తా గంటసేపు వాదించి, నయాపైస మిగుల్చుకుని, రిక్షాకి అర్ధరూపాయి ఇచ్చి వెళ్ళాడు.

ఇక ఊరి చరిత్ర. నీక్కావలసింది ఇదే కదా, అందుకే చివరికి ఉంచాను.

దగ్గర పల్లెలో ఒక మేష్టారు తన ఊరి చరిత్ర రాశారు. ఎప్పుడో కల్నల్ మెకంజీ అనే దొర కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల్ని పెట్టుకుని ఊరూరి కైఫీయతులు రాయించాడు. ఆ దొర 1821లోనే పోయాడు గానీ, కరణం ఇంట్లో పాత కవిలెలుంటే ఊరికి చరిత్ర ఉన్నట్టే అనే నమ్మకం మాత్రం మిగిలింది. మేష్టారు వాళ్ళ కరణం గారి చుట్టూ రెండేళ్ళు తిరిగి, గుడి మాన్యాల లెక్కలు, చెరువు తవ్వించినవాళ్ళ పేర్లు రాసుకున్నారు. ఖర్చుకి చందాలు. అయిదు రూపాయలిచ్చినవారికి పేరు, పాతికిస్తే ఫోటో. నలభై ఎనిమిది పేజీల్లో పన్నెండు పేజీలు మీసాలే. తాత పేరు లేదని ఒకరు, ఉన్నా పక్కింటివాళ్ళ తాత తరవాత ఉందని ఒకరు తగువు. చెరువు తవ్వించినవాడి వంశంలో ఎవరూ మిగల్లేదు కాబట్టి ఆయన తరఫున తగువుకి ఎవరూ రాలేదు.

పుస్తకం అచ్చయింది, వెయ్యి కాపీలు. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో కరణం గారు. చంకలో గొడుగు, చేతిలో పుస్తకం. "నేను ఎప్పుడు పోయానో కాస్త తిథి చెబితే తద్దినం పెట్టించుకుంటాను" అన్నారు. చూస్తే పదకొండో పేజీలో ఆయన పేరు ముందు కీ.శే. అని ఉంది. పై వరసలో అన్నీ కీ.శే.లే, చేతివాటంలో ఈయనకీ పెట్టేశాను. ఆ సీసం అప్పటికే గళ్ళలోకి వెళ్ళిపోయింది. యజమాని గారు నన్ను ఏమీ అనలేదు. అమ్మగారే లోపల్నుంచి, "నాకు చూపించారు కాదు" అన్నారు.

తెల్ల కాగితం సన్నగా కత్తిరించి, ఆ రెండక్షరాల మీద అంటించాలి. వీధిలో పిల్లల్నందర్నీ పోగేసి వసారాలో కూర్చోబెట్టాం. కాపీకి ఒకటి, వెయ్యి ముక్కలు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి జిగురు చేశాను. భయం మీద కాస్త ఎక్కువే చిక్కగా చేశాను. కరణం గారు సాయంత్రం దాకా కుర్చీ వేసుకుని కూర్చుని, ప్రతి కాపీ తీసి తాను బతికున్నదీ లేనిదీ చూసుకుని, పోతూ పోతూ పాతిక పుస్తకాలు కొన్నారు.

ఇంకో పదిహేనేళ్ళు నిక్షేపంలా ఉన్నారాయన. పోయాక పెద్దకర్మకి ముందు వాళ్ళబ్బాయి వచ్చాడు. బంధువులకి పంచిపెడతాట్ట, ఆ కాగితం ముక్క పీకేసిన కాపీలు ముప్పై కావాలన్నాడు. తడిగుడ్డ పెట్టాం, ఆవిరి పట్టాం, గోటితో గీకాం. ఊడి రాలేదు, నా జిగురు కదా. గట్టిగా లాగితే కిందున్న పేరు కూడా చిరుగుతోంది. అలాగే పట్టుకెళ్ళాడు.

అదుగో, ఆ పచ్చ ట్రంకు పెట్టె అడుగున ఒక కాపీ ఉండాలి. తీసి చూడు. గోకకు.