మూడోసారి అనేవాడు లేని వేలం

సరుకును పాటకు పెట్టాలా, ధర రాసి పెట్టాలా అనే తగువు ఇంటర్నెట్‌తో వచ్చిందనుకుంటారు చాలామంది. తపాలా బిళ్ళలు అమ్ముకునే నాబోటివాళ్ళకు అది తాతల నాటి తగువు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, నార్తాంప్టన్ ఊళ్ళో వెయిన్‌రైట్ అండ్ లూయిస్ అనే బిళ్ళల వ్యాపారులు 1893లోనే ఉత్తరాల మీద వేలం నడిపారు. దూరాన ఉన్నవాడు వచ్చి పాడలేడు కదా, ఎంతవరకు పోగలడో రాసి పంపితే చాలు. అందరికన్నా ఎక్కువ రాసినవాడిదే బిళ్ళ. కానీ అతను కట్టేది తాను రాసినంతా కాదు, రెండోవాడు రాసినదాన్ని బట్టి. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త ఇదే పద్ధతిని గణితంలోకి ఎక్కించి 1961లో వ్యాసం రాశాడు. 1996లో ఆయనకు నోబెల్ ప్రకటించారు, మూడు రోజులకే పోయాడు పాపం. బిళ్ళలవాళ్ళను మాత్రం ఎవరూ పిలిచి శాలువా కప్పలేదు.

1995 సెప్టెంబరులో, అమెరికా కార్మిక దినోత్సవం సెలవుల్లో, పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామరు కాలిఫోర్నియాలో కూర్చుని ‘ఆక్షన్‌వెబ్’ తెరిచాడు. అక్కడ మొదట్లో అమ్ముడైనవాటిలో ఒకటి పాడైపోయిన లేజర్ పాయింటర్. 14.83 డాలర్లు పలికింది. పాడైందని తెలిసే కొన్నావా అని ఒమిడ్యార్ అడిగితే, పాడైనవే పోగుచేస్తానన్నాడట కొన్నాయన. ఈ కథ నాకు మహా ఇష్టం. ధర రాసి పెట్టమని ఉంటే ఒమిడ్యార్ దానికి ఏం రాసేవాడు? దాని విలువ అమ్మేవాడికి తెలియదు, ఎక్కడో ఉన్న ఆ ఒక్క పిచ్చివాడికే తెలుసు. వేలం అవసరమయ్యేది అలాంటి సరుకుకే.

1997లో ఆ సైటు పేరు ఈబేగా మారింది. లోపల నడిచింది మాత్రం మా పాత ఉత్తరాల సూత్రమే. కొనేవాడు తన ఆఖరి మాట గుట్టుగా చెప్పేస్తాడు, అతని తరఫున యంత్రం పాడుతుంది. నేను 500 అని, ఇంకొకరు 300 అని ఉంటే, 300 మీద ఒక్క మెట్టు ఎక్కగానే సరుకు నాదవుతుంది.

తేడా అంతా ముగింపులో ఉంది. మన దగ్గర చెరువు చేపల పాటైనా, బాలాపూర్ గణేశుడి లడ్డూ పాటైనా, మూడోసారి అనేముందు పాడించేవాడు జనం మొహాలు చూస్తాడు. ఎవరి పెదవైనా కదిలితే ఆగుతాడు. 1994లో 450 రూపాయలు పలికిన ఆ లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. భక్తి, పరువు, రాజకీయం అన్నీ ఉన్నాయనుకోండి, ఆ ఆగడం కూడా ఉంది. ఈబేలో అలా ఆగేవాడు లేడు, గడియారం ఉంది. అందుకే వారమంతా కిమ్మనకుండా కూర్చుని ఆఖరి క్షణాల్లో మీదపడే ‘స్నైపింగ్’ పుట్టింది. 1999లో అమెజాన్ కూడా వేలాలు తెరిచింది. అక్కడ చివర్లో ఎవరైనా పాడితే గడువు ఇంకో పది నిమిషాలు జరిగేది. ఆల్విన్ రాత్, యాక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే పరిశోధకులు రెంటినీ పోల్చి, ఆఖరి నిమిషపు దూకుడు ఈబేలోనే ఎక్కువని తేల్చారు. అమ్మేవాడిగా నా ఓటు అమెజాన్ పద్ధతికే, కానీ ఆ వేలాలు నిలవలేదు.

2000 చివర్లో ఈబే ‘బై ఇట్ నౌ’ మీట పెట్టింది. వేలం నడుస్తుండగానే, రాసిన ధర ఇచ్చి పట్టుకుపోవచ్చు. మామూలుగా తొలి పాట పడగానే ఆ మీట మాయమయ్యేది. గడుసువాళ్ళు ముందే చిన్న పాట ఒకటి పాడేసి మీటను తీయించేవాళ్ళు! ఆ దశకం గడిచేసరికి పాట వెనకబడి, రాసిన ధరే రాజ్యమేలింది. కొనేవాళ్ళ మోజు పాట మీద నుంచి పోయిందని ఆర్థికవేత్తలు లెక్కలు కట్టి చెప్పారు. నేను సగమే ఒప్పుకుంటాను. నిన్న ఎంతకు అమ్ముడైందో ఎవరైనా వెతికి చూసుకోగలిగాక, అదే వస్తువుకు మళ్ళీ పాటెందుకు?

మన దేశంలో 2000లో వచ్చిన బాజీ.కామ్‌ను ఈబే 2004లో సుమారు 5 కోట్ల డాలర్లకు కొంది. ఫోన్లవాళ్ళు, మెమరీ కార్డులవాళ్ళు ధర రాసి అమ్ముకుంటుంటే, పాత నాణేలు, బిళ్ళలు పెట్టే మేమే పాటను పట్టుకుని వేలాడాం. 2017లో ఆ వ్యాపారం ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్ళింది, 2018 ఆగస్టులో మూతపడింది. విదేశాలకు అమ్మే దారి మాత్రం మిగిలింది.

ఇప్పుడు నా దగ్గర లెక్క ఇది. నిజాం రాజ్యం 1931లో వేసిన ఒక అణా చార్మినార్ బిళ్ళ ఉందనుకోండి. దాని ధర కేటలాగులోనే ఉంటుంది, కాబట్టి ధర రాసి, బేరమాడుకునే వీలు కూడా ఇచ్చి వదిలేస్తాను. ఏడాది పడి ఉన్నా పట్టించుకోను. అదే బిళ్ళ ఒక కవరు మీద ఉండి, దాని మీద నేనెప్పుడూ చూడని చిన్న తాలూకా తపాలా ముద్ర ఉంటే వేలానికే. మొదటి ధర తక్కువ పెడతాను, ఇద్దరు కలబడితే చాలు. ఇంతకు తక్కువైతే అమ్మనని కనబడకుండా దాచే రిజర్వు ధర మాత్రం పెట్టను. పాట ఆ ధరను ఇంకా అందలేదన్న మాట కనబడగానే సగంమంది వెళ్ళిపోతారు. గడువు అమెరికావాళ్ళ ఆదివారం సాయంత్రానికి సరిపెడతాను. అంటే ఇక్కడ సోమవారం పొద్దున, మా ఆవిడ కాఫీకి పిలిచే వేళకు. ఆ ఆఖరి పది నిమిషాలూ నేను పలకనని ఆవిడకు తెలుసు, అయినా పిలుస్తుంది.