వెదురు మళ్ళీ పలికిన వేళ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగితే, సర్వీసంతా మరమ్మతు విభాగంలో గడిపిన నాకు ఒక పాత వాద్యం మరమ్మతు కథే గుర్తుకొచ్చింది. మా అమ్మాయిని చూడటానికి మనీలా వెళ్ళినప్పుడు, ఆ మహానగరంలోని లాస్ పిన్యాస్ చర్చిలో దాన్ని చూశాను.

అది వెదురు ఆర్గాన్. మన పిల్లనగ్రోవిలో ఒకే గొట్టం మీద వేళ్ళు మార్చి స్వరాలన్నీ పలికిస్తాం. ఆర్గాన్‌లో ఒక్కో గొట్టానిది ఒక్కటే స్వరం. మెట్టు నొక్కగానే తిత్తుల గాలి ఆ గొట్టంలోకి పోయి పలుకుతుంది.

డియేగో సెరా అనే స్పెయిన్ దేశపు మతగురువు 1816లో ఈ పని మొదలుపెట్టారు. కోసిన వెదురును పురుగు పట్టకుండా సముద్రతీరపు ఇసుకలో పాతిపెట్టి, చెడకుండా మిగిలినదాన్నే వాడారు. మొత్తం 1031 గొట్టాల్లో 902 వెదురువే. బాకాల వంటి ధ్వనికి మాత్రం వెదురు చాలదని తెలుసుకుని, వాటిని లోహంతో చేసి 1824లో పూర్తిచేశారు.

తర్వాత భూకంపాలు, తుపానులు వచ్చాయి. గొట్టాలు ఒక్కొక్కటే మూగబోయాయి. 1973లో ఆర్గాన్‌ను విప్పి జర్మనీలోని బాన్ నగరానికి, క్లైస్ సంస్థకు పంపారు. ఉక్కపోతకు అలవాటుపడ్డ వెదురు ఆ చలిదేశంలో పాడవకుండా, ఒక గదిలో ఫిలిప్పీన్స్ వాతావరణాన్నే కల్పించి బాగుచేశారు. ఈలోగా ఇక్కడ చర్చికీ మరమ్మతులు జరిగాయి. 1975 మార్చిలో ఆర్గాన్ ఇల్లు చేరింది. మే 9న తొలి కచేరీ జరిగింది. 2003లో ఆ దేశం దాన్ని జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించింది.

ఆ చర్చిలో కూర్చుని వింటుంటే, నాకు మా మేస్త్రి గుర్తుకొచ్చాడు. మా షెడ్డులో ఒక పాత లేతు మిషను ఉండేది. "బేరింగులు మారిస్తే నడుస్తుందండీ" అని అతను రెండుసార్లు చెప్పాడు. నేను వినలేదు. పనికిరాదని సంతకం పెట్టి తుక్కుకింద పంపేశాను. లారీ ఎక్కిస్తుంటే అతను దాన్ని గుడ్డపెట్టి తుడిచాడు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

నియమం ప్రకారం నా సంతకం సరైనదే. అయినా, వెదురు గొట్టాల కోసం గది వాతావరణాన్నే మార్చినవాళ్ళ ఓపికలో పదోవంతు నాకుంటే, ఇంకో రోజు ఆగి చూసేవాణ్ణి. మిత్రులెవరైనా మనీలా వెళ్తే ఆ వాద్యాన్ని తప్పక విని రండి.