గర్భిణియు జలుబు మందును: ఒక చారిత్రక పరిశీలనము

అనంతపురము, చిత్తూరు మండలముల ఎండలకు అలవాటుపడి బెంగుళూరు చేరిన మన తెలుగువారికి ఈ నగరము మొదట రుచి చూపునది తన చల్లగాలిని. ఆ గాలి వెంట వచ్చునది పడిసెము. తక్కినవారికది నాలుగు దినముల బాధ. అది గర్భిణికి వచ్చినప్పుడు మాత్రము ఇల్లంతయు కలవరపడును. “కడుపుతో నున్నది, ఏ మందును ముట్టవలదు” అని అత్తగారు చెప్పుదురు. “ఒక్క మాత్రతో ఏమగును?” అని పొరుగింటివారందురు. మందుల అంగడివాడు అడిగినదే తడవుగా మాత్రల అట్ట నొకదానిని చేతిలో పెట్టును. ఈ మాటలలో ఏది నిజము? గడచిన నూరేండ్ల చరిత్రను పరిశీలించినచో ఏదియు పూర్తిగా నిజము కాదని తేలుచున్నది. ఆ చరిత్రను సంగ్రహముగా మనవారి ముందుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పూర్వము మన ఇండ్లలో జలుబునకు మిరియాల కషాయము, శొంఠి, తులసి, ఆవిరి పట్టుట అనునవే చికిత్సలు. 1893వ సంవత్సరమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిన పిదప ఆ చిన్న సీసా తెలుగువారి గూటిలో స్థిరపడినది. ఇవన్నియు చాలవరకు పైపూతలు, వంటింటి సరకులు. కడుపులోనికి మ్రింగు రసాయనపు మాత్ర పిదప వచ్చినది. బెంగుళూరులో విక్టోరియా ఆసుపత్రి 1900లోను, దాని చెంతనే స్త్రీలకొరకు వాణీ విలాస ఆసుపత్రి 1935లోను వెలసినవి. ఆ దినములలో వైద్యులను వేధించిన ప్రశ్న కాన్పులో తల్లి బ్రతుకుట యెట్లు అనునదే. తల్లి మ్రింగిన మందు బిడ్డకు చేరునా అను ప్రశ్న నాడంతగా తలయెత్తలేదు. మాయ యనునది కోటగోడ వంటిదనియు, తల్లి రక్తములోని విషము దానిని దాటి పోజాలదనియు వైద్యులలో పెక్కుమంది నమ్మియుండిరి.

ఆ నమ్మకమునకు మొదటి దెబ్బ 1941లో తగిలినది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరపు నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ తన యొద్దకు వచ్చిన పసిబిడ్డల కన్నులలో శుక్లములు మిక్కుటముగా నుండుట గమనించెను. ఆ తల్లులలో అత్యధికులకు గర్భము ధరించిన తొలి మాసములలో రుబెల్లా జ్వరము సోకెనని విచారణలో తేలినది. ఒక సామాన్యమైన జ్వరము మాయను దాటి బిడ్డను చేరగలదని లోకము అప్పుడు తెలిసికొన్నది. కాని మందుల విషయమున ఆ పాఠమును వెంటనే అన్వయించుకొనలేదు.

రెండవ పాఠము ఘోరమైనది. 1956 నవంబరులో పశ్చిమ జర్మనీయందలి హాంబర్గు ప్రాంతమున గ్రిపెక్స్ అను పేర శ్వాసకోశ వ్యాధులకు ఒక మందు అమ్మకమునకు వచ్చెను. దానిలో క్వినైను, సి విటమిను, ఫెనాసెటిను, ఆస్పిరినులతోపాటు థాలిడోమైడు అను క్రొత్త పదార్థము కూడ కలదు. అనగా, లోకమును కన్నీరు పెట్టించిన థాలిడోమైడు మొదట అంగడిలో అడుగుపెట్టినది జలుబు మందు వేషముననే. 1957లో అది కాంటెర్గాన్ అను పేర నిద్రమాత్రగా వెలువడెను. పిదప పలు దేశములలో వేవిళ్ల బాధకును వాడబడెను. 1961లో జర్మనీలో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ అను వైద్యులు వేర్వేరుగా దాని కీడును బయటపెట్టిరి. ఆ నవంబరు చివరనే జర్మనీలో అమ్మకము నిలిచిపోయెను. కాని అప్పటికే కాలుసేతులు సరిగా ఏర్పడని బిడ్డలు లోకమున వేలకొలది జన్మించిరి. వారి సంఖ్య పదివేలకు పైబడియుండునని అంచనా. అమెరికాలో మాత్రము మందుల నియంత్రణ శాఖలోని ఫ్రాన్సెస్ కెల్సీ అను వైద్యురాలు, రుజువులు చాలవని చెప్పి, అనుమతి నీయక నిలిచెను. ఆమె పట్టుదల ఎందరో తల్లుల కడుపు కాచినది.

ఆ దుర్ఘటన తరువాత చట్టములు బిగిసినవి. అమెరికాలో 1962లో మందుల చట్టము సవరింపబడెను. 1979లో గర్భిణులకొరకు మందులను ఐదు అక్షరములతో వర్గీకరించిరి. ఒక్క అక్షరము సంగతిని సరిగా తెలుపజాలదని గ్రహించి, 2015 నుండి ఆ పద్ధతిని విడిచి, విపులముగా వ్రాయు విధానమును చేపట్టిరి. మన దేశమున 1940 నాటి మందుల చట్టము, 1945 నాటి నియమములు ఆధారములు. పలు మందులను ఒకే మాత్రలో కలిపి అమ్ము మిశ్రమములు మన అంగళ్లలో మిక్కుటము. కేంద్ర ప్రభుత్వము 2016 మార్చిలో అట్టి 344 మిశ్రమములను నిషేధించెను. న్యాయస్థానములలో వ్యాజ్యములు నడచిన పిదప 2018 సెప్టెంబరులో 328 మిశ్రమములపై నిషేధము వెలువడెను. వానిలో జలుబు, దగ్గు మందులు పెక్కు కలవు.

ఇంతమాత్రమున మందన్నదే కూడదనుట చరిత్రకు విరుద్ధము. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కాలమున అమెరికాలో హారిస్ అను వైద్యుడు 1350 మంది గర్భిణుల వివరములను సేకరింపగా, వారిలో నూటికి 27 మంది మరణించినట్లు తేలెను. 2009 నాటి ఇన్‌ఫ్లుయెంజాలోను గర్భిణులకే అపాయము హెచ్చుగా కనబడెను. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఆ వ్యాధి టీకా విషయమున గర్భిణులకు అగ్రస్థానమిచ్చినది. తొలి మాసములలో తీవ్రజ్వరమును తగ్గింపక విడుచుటయు బిడ్డకు మేలు కాదు. మరియొక సంగతి. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. అది గర్భమునకు ముందునుండియు వాడినచో శిశువు వెన్నుపాము లోపములు చాలవరకు తగ్గునని 1991లో రుజువైనది. ఒక మందు బిడ్డకు కీడు చేసినది. వేరొకటి బిడ్డను కాచినది. కావున భయమును గాని ధైర్యమును గాని గుడ్డిగా నమ్మరాదు.

“జలుబు మందు” అన్నది ఒక మందు పేరు కాదు. పలు మందుల మూట. దానిని విప్పి చూడవలెను. జ్వరమునకు, ఒంటినొప్పులకు పారాసెటమాలునే వైద్యులు నేటికిని మొదట ఎన్నుకొనుచున్నారు. అదియు తక్కువ మోతాదులో, తక్కువ దినములు. దానివలన బిడ్డకు ఆటిజము వచ్చునని 2025 సెప్టెంబరులో అమెరికాలో పెద్ద వాదము లేచెను. కాని స్వీడన్‌లో సుమారు 25 లక్షల బిడ్డలపై జరిపి 2024లో ప్రకటించిన పరిశోధనలో, తోబుట్టువులను పోల్చి చూడగా అట్టి సంబంధము కనబడలేదు. ఐబుప్రొఫెను వంటి నొప్పిమందులను 20 వారముల పిదప వాడరాదని 2020లో అమెరికా నియంత్రణ శాఖ హెచ్చరించెను. ముక్కు దిబ్బడకు మ్రింగు సూడోఎఫెడ్రినును తొలి మూడు మాసములలో వైద్యులు మాన్పింతురు. రక్తపుపోటు గలవారికి అది ఎన్నడును తగదు. మ్రింగిన ఫినైలెఫ్రిను దిబ్బడకు పనిచేయదని 2023లో అమెరికా నిపుణుల సంఘము తేల్చెను. ఫలమే లేని మందునకు అపాయమెందుకు? తుమ్ములకు వాడు క్లోర్‌ఫెనిరమిను, సెట్రిజినుల విషయమున చిరకాలపు అనుభవము ఊరట కలిగించునదే. అయినను వైద్యుని మాట అవసరము. ఉప్పునీటి పుక్కిలింత, జాగ్రత్తగా పట్టిన ఆవిరి, విశ్రాంతి అనునవి నేటికిని మొదటి మెట్టు. జ్వరము తగ్గకున్నను, ఆయాసము కలిగినను, బిడ్డ కదలిక తగ్గినను ఇంట నిలువక ఆసుపత్రికి పోవలెను.

మన నగరమున ఇంకొక చిక్కు కలదు. మాత్రల అట్టపై నుండునది ఆంగ్లము. అంగడిలో వినబడునది కన్నడము. క్రొత్తగా కాపురమునకు వచ్చిన తెలుగు పిల్లకు వచ్చినది తెలుగొక్కటే. తనకు ఎన్నవ నెలయో చెప్పుటకు సిగ్గుపడి, ఇచ్చినది పుచ్చుకొని ఆమె ఇంటికి పోవును. థాలిడోమైడు కథలో మందు పేరు మాత్రమే తెలిసి, లోపలి పదార్థము తెలియక మోసపోయినవారు అట్టి తల్లులే. కావున మనలో చదువుకొన్నవారు, పొరుగుననున్న పెద్దముత్తయిదువలు ఆమెకు తోడు వెళ్లి రెండు మాటలు అడుగవలెను: “ఈమెకు ఇన్నవ నెల. ఈ మాత్రలో ఏమేమి కలవు?” సమాధానము దొరకనిచో ఆ మాత్రను అక్కడనే విడిచి, వైద్యురాలిని చూడవలెను. చరిత్ర ఎంతో వెలకు నేర్పిన పాఠమును ఈ రెండు మాటలతో మనము ఉచితముగా వాడుకొనవచ్చును.