రేడియో ఆపిన పిమ్మట

సభ చేర్చుట సులభము. సభ నడపుట కష్టము. నలుగురు కూడిన చోట ఒక్కరే మాటలాడగా, తక్కిన మువ్వురును తలలూపి లేచిపోవుట మనమెరుగని సంగతి కాదు. పదిమంది చేతను మాటలాడించి, ఆ మాటల నుండి ఒక నిర్ణయమును రాబట్టు విద్యను సామాన్య రైతులు ఎట్లు అభ్యసించిరో తెలుపు చరిత్ర యొకటి కలదు. అందు రేడియోకును పాలున్నది కనుక, దానిని శ్రోతలకు విన్నవింపవలెనని మాకు తోచినది.

ఈ కథకు మొదలు కెనడా. అచ్చటి ప్రసార సంస్థయు, వయోజన విద్యా సంఘమును, వ్యవసాయదారుల సమాఖ్యయు కలిసి 1941లో జాతీయ రైతు రేడియో గోష్ఠిని నెలకొల్పినవి. అది 1965 వరకు సాగినది. సోమవారము రాత్రి ఇరుగుపొరుగు కుటుంబములు ఒక యింట చేరెడివి. చర్చాంశమును వివరించు చిన్న పత్రము వారికి ముందుగనే అందెడిది. ప్రసారము వినిన పిమ్మట రేడియో ఆపి, తమలో తాము చర్చించుకొనెడివారు. తేలిన అభిప్రాయములను కార్యదర్శి వ్రాసి పంపెడివాడు. చదువుట, వినుట, చర్చించుట, ఆచరించుట – ఈ నాలుగే వారి నినాదము.

పదునైదేండ్లకు ఈ పద్ధతి మన దేశమునకు వచ్చినది. 1956లో యునెస్కో తోడ్పాటుతో ఆకాశవాణి నాటి బొంబాయి రాష్ట్రమున, పూనా ప్రాంతపు అయిదు జిల్లాలలో 150 గ్రామములను ఎన్నుకొన్నది. వారమునకు రెండు మారులు, అరగంట చొప్పున, పది వారములలో 20 కార్యక్రమములు మరాఠీలో ప్రసారమైనవి. ఒక్కొక్క గోష్ఠికి ఇంచుమించు ఇరువదిమంది సభ్యులు. వారిలో ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి.

అరగంట ముగియగనే అసలు పని ఆరంభమయ్యెడిది. పల్లెలో పెద్దరైతు నోరు విప్పిన పిమ్మట చిన్నరైతు ఎదురాడుట అరుదు. కనుక అట్టి చోట అధ్యక్షుని నేర్పు తాను చక్కగా ఉపన్యసించుటలో లేదు. తన అభిప్రాయమును చివరకు దాచుకొని, మూలన కూర్చున్నవానిని పేరుపెట్టి అడుగుటలో నున్నది. కార్యదర్శి తేలిన విషయములను, తేలని ప్రశ్నలను వ్రాసి రేడియో కేంద్రమునకు పంపవలెను. ఆ ప్రశ్నలకు జవాబులు తరువాతి ప్రసారములలో వచ్చెడివి.

ఫలితమును టాటా సామాజిక శాస్త్ర సంస్థ పరిశీలించినది. గోష్ఠులున్న గ్రామములలో రైతుల విషయజ్ఞానము విశేషముగా పెరిగినది. గోష్ఠులు లేని గ్రామములలో ఆ పెరుగుదల మిక్కిలి స్వల్పము. రేడియో పెట్టె ఉన్నంత మాత్రమున చాలలేదు. దినమెల్ల మాటలాడుటయే వృత్తిగా గల మాకిది కొంచెము చేదుగ నుండు సత్యమే. అయినను ఒప్పుకొనక తప్పదు: మేము చెప్పినది కాదు, మేము మౌనము వహించిన పిమ్మట వారు చెప్పుకొన్నదే వారికి నిలిచినది. 1959లో ఈ గోష్ఠులను ఇతర రాష్ట్రములకును విస్తరింపజేసిరి.

నేడు మీ వీధి సంఘమునకో, సహకార సంఘమునకో, మహిళా మండలికో అధ్యక్షత వహింపవలసి వచ్చినపుడు ఆ రైతులను తలచుకొనుడు. విషయమును ముందుగా తెలియజేయుడు. ఇంకను మాటలాడనివారెవరో చూడుడు. నిర్ణయమును వ్రాసి, లేచుటకు ముందు అందరికిని చదివి వినిపింపుడు. మరుసటి సభలో మొదట దానిని గూర్చియే అడుగుడు.