నిఖత్ జరీన్: బరువు విభాగాల మధ్య ఒక బాక్సింగ్ ప్రస్థానం

నిఖత్ జరీన్ (జననం 1996 జూన్ 14) తెలంగాణలోని నిజామాబాదుకు చెందిన బాక్సింగ్ క్రీడాకారిణి. 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో న్యూఢిల్లీలోనూ జరిగిన మహిళా ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలలో స్వర్ణ పతకాలు సాధించి, మేరీ కోమ్ తరువాత ఒకటికి మించి ప్రపంచ టైటిళ్లు గెలిచిన రెండవ భారతీయ మహిళగా నిలిచారు. ఆమె ప్రస్థానాన్ని పతకాల జాబితాగా మాత్రమే చూస్తే అందులోని అసలు పోరాటం కనిపించదు. ఒక్కో బరువు విభాగంలో ఒక్కో దేశం నుంచి ఒక్కరే బరిలోకి దిగాలన్న నియమం, ఒలింపిక్స్‌లో మహిళలకు ఉన్న అతికొద్ది విభాగాలు, ఆ విభాగంలో అప్పటికే స్థిరపడిన ఒక మహా క్రీడాకారిణి: ఈ మూడింటి మధ్య తనకంటూ చోటు సంపాదించుకోవడానికి ఆమెకు దాదాపు దశాబ్దం పట్టింది.

ఆ పోరాటం అర్థం కావాలంటే అమెచ్యూర్ బాక్సింగ్ నడిచే తీరు కొంత తెలియాలి. పారితోషికం కోసం కాక దేశం తరఫున, పతకం కోసం ఆడే ఈ పోటీలలో ఒక బౌట్ మూడేసి నిమిషాల మూడు రౌండ్లు సాగుతుంది. రింగు చుట్టూ కూర్చున్న ఐదుగురు న్యాయనిర్ణేతలు ప్రతి రౌండులో మెరుగ్గా ఆడినవారికి పది పాయింట్లు, రెండవవారికి అంతకంటే తక్కువ ఇస్తూ పోగా, చివరకు ఐదుగురూ ఒకరినే విజేతగా తేల్చితే ఫలితాన్ని 5-0 అని రాస్తారు. ప్రత్యర్థి దెబ్బలకు తట్టుకోలేని స్థితిలో ఉన్నారని రిఫరీ భావిస్తే బౌటును మధ్యలోనే నిలిపివేస్తారు. వీటన్నిటికంటే కఠినమైనది బరువు తూకం. ప్రొఫెషనల్ బాక్సర్ సాధారణంగా బౌటుకు ముందురోజు ఒక్కసారి తూగి, ఆ తరువాత తిని, నీళ్లు తాగి కోలుకోవచ్చు. అమెచ్యూర్ బాక్సర్ మాత్రం బౌటు ఉన్న ప్రతి రోజూ ఉదయం తూగాలి. వారం పది రోజులలో ఐదారు బౌట్లు ఆడవలసిన టోర్నమెంటులో ఆకలిని, దాహాన్ని అదుపులో పెట్టుకోవడం కూడా ఆటలో భాగమైపోతుంది.

నిఖత్ బాక్సింగులోకి వచ్చిన దారి నిజామాబాదు నుంచి విశాఖపట్నం దాకా విస్తరించిన తెలుగు బాక్సింగ్ సంప్రదాయంలో భాగం. నలుగురు అక్కచెల్లెళ్లలో మూడవదైన ఆమెకు మొదట పరుగు పందేలలో శిక్షణ ఇచ్చినది, స్వయంగా క్రీడాకారుడైన తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్. మిగిలిన ఆటలన్నిటిలోనూ ఆడపిల్లలు కనిపిస్తున్నా బాక్సింగులో కనిపించకపోవడం గమనించి ఆమె ఆ వైపు మళ్లారు. నిజామాబాదులో తొలి శిక్షణ ఇచ్చిన కోచ్ షంషాముద్దీన్ కుమారుడే, తరువాతి కాలంలో 2018, 2022 కామన్వెల్త్ క్రీడలలోనూ 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీలలోనూ కాంస్య పతకాలు గెలిచిన మహమ్మద్ హుసాముద్దీన్. ఒక జిల్లా కేంద్రంలోని ఒకే గురువు దగ్గర ఇద్దరు ప్రపంచ స్థాయి బాక్సర్లు తయారు కావడం తెలుగు క్రీడా చరిత్రలో అరుదైన విషయం. దానికి దక్కవలసినంత గుర్తింపు ఇంకా దక్కలేదు.

2009లో ఆమె విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో చేరి, ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు శిక్షణలోకి వచ్చారు. ప్రపంచ పోటీలలో రజతం గెలిచి, 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్న నగిశెట్టి ఉష కూడా విశాఖకు చెందినవారే. నిజామాబాదు, విశాఖ అప్పట్లో ఒకే రాష్ట్రంలో ఉండేవి. 2014లో రాష్ట్రం రెండయినా, నిఖత్ ఆటకు పునాది పడింది మాత్రం ఈ రెండు ఊళ్లలోనూ కలిసే.

ఫలితాలు త్వరగానే వచ్చాయి. 2010లో ఈరోడ్‌లో జరిగిన జాతీయ పోటీలలో స్వర్ణం గెలిచిన ఆమె, 2011లో టర్కీలోని అంతాల్యాలో జరిగిన జూనియర్, యూత్ ప్రపంచ పోటీలలో ఆతిథ్య దేశపు బాక్సర్ ఉల్కు దెమిర్‌ను ఫైనల్లో ఓడించి స్వర్ణం అందుకున్నారు. అప్పటికి ఆమె వయసు 14 ఏళ్లు. 2013లో బల్గేరియాలోని అల్బెనాలో యూత్ ప్రపంచ రజతం, 2014లో సెర్బియాలోని నోవీ సాద్‌లో జరిగిన నేషన్స్ కప్‌లో స్వర్ణం, 2015లో అస్సాంలో సీనియర్ జాతీయ టైటిల్ వరుసగా వచ్చాయి. జూనియర్ స్థాయిలో ప్రపంచ విజేత అయిన బాక్సర్ సీనియర్ జట్టులోకి సహజంగానే నడిచి వెళ్తుందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు.

ఇందుకు కారణం బరువు విభాగాల లెక్కలో ఉంది. మహిళల బాక్సింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2012 లండన్ క్రీడలతోనే. అప్పుడు ఇచ్చిన విభాగాలు 51, 60, 75 కిలోలు, ఈ మూడే. అంతవరకు 46, 48 కిలోల విభాగాలలో ప్రపంచ టైటిళ్లు గెలుస్తూ వచ్చిన మణిపూర్ బాక్సర్ మేరీ కోమ్‌కు ఒలింపిక్స్ ఆడాలంటే 51 కిలోలకు ఎక్కక తప్పలేదు. ఆమె ఎక్కారు, లండన్‌లో కాంస్యం గెలిచారు, ఆ విభాగంలో భారత స్థానం ఆమెదే అయిపోయింది. అది నిఖత్ సహజ విభాగం కూడా కావడంతో, 2016 ప్రపంచ పోటీలలో నిఖత్ 54 కిలోల విభాగంలో ఆడి పతకం లేకుండా వెనుదిరిగారు. చేతి పొడవులోనూ బలంలోనూ తనకంటే పెద్దవారితో తలపడటం ఆమెకు కలిసిరాలేదు.

ఆ పైన 2017లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో కుడి భుజం కీలు తొలగి, దాదాపు ఏడాదిపాటు ఆమె రింగుకు దూరమయ్యారు. దూరం నుంచి నిటారుగా విసిరే పంచ్‌లు, వెనక్కి జరుగుతూనే ఎదురుదెబ్బ తీసే పాదాల కదలిక ఆమె ఆటకు ఆధారం. అటువంటి బాక్సర్‌కు భుజం గాయమంటే ఆయుధమే చేజారడం. 2018లో బెల్‌గ్రేడ్‌లో స్వర్ణంతో తిరిగి వచ్చి, 2019లో సోఫియాలోని స్ట్రాంజా స్మారక టోర్నమెంటులో స్వర్ణం, ఆసియా చాంపియన్‌షిప్‌లో కాంస్యం, థాయ్‌లాండ్ ఓపెన్‌లో రజతం గెలిచారు.

2019లో జరిగిన ఎంపిక వివాదం ఈ ప్రస్థానానికి మలుపు. ఆ ఏడాది ప్రపంచ పోటీలకు 51 కిలోల విభాగంలో ఎంపిక పోటీ నిర్వహించకుండానే, ఇటీవలి ప్రదర్శన ఆధారంగా బాక్సింగ్ సమాఖ్య మేరీ కోమ్‌ను పంపింది. రష్యాలోని ఉలాన్ ఉదేలో ఆమె కాంస్యం గెలిచాక, టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకూ ఆమెనే నేరుగా పంపాలన్న మాట వినిపించింది. అక్టోబరులో నిఖత్ అప్పటి కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగ లేఖ రాసి, తనకు ఒక న్యాయమైన అవకాశం ఇవ్వాలని, ఎంపిక పోటీ జరపాలని కోరారు. ఆమె అడిగింది జట్టులో చోటు కాదు, చోటు కోసం ఆడే హక్కు. ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన క్రీడాకారిణిని 23 ఏళ్ల అమ్మాయి సవాలు చేయడం చాలామందికి అమర్యాదగా తోచినా, ఎవరి గతం ఎంత గొప్పదైనా జట్టు ఎంపిక రింగులోనే జరగాలన్న ఆమె వాదనలో తప్పు పట్టడానికేమీ లేదు. డిసెంబరు చివరలో న్యూఢిల్లీలో ఎంపిక పోటీలు జరిగాయి. తొలి బౌటులో జ్యోతి గులియాను ఓడించిన నిఖత్, డిసెంబరు 28న మేరీ కోమ్ చేతిలో 1-9 తేడాతో ఓడిపోయారు. ఫలితంలో సందిగ్ధం ఏమీ లేదు. మేరీ కోమ్ టోక్యో వెళ్లి, ప్రీక్వార్టర్స్‌లో కొలంబియా బాక్సర్ ఇంగ్రిత్ వాలెన్సియా చేతిలో 2-3తో ఓడిపోయారు.

ఇలా ఎదురుచూసిన పోరు జరగడానికి ఏళ్లు పట్టడం అమెచ్యూర్ ఆటకు మాత్రమే ఉన్న సమస్య కాదని చెప్పడానికి జపాన్ ప్రొఫెషనల్ కిక్‌బాక్సింగ్ మంచి ఉదాహరణ. కరాటే, థాయ్‌లాండ్ ముయే థాయ్ పద్ధతుల కలయికగా, పంచ్‌లతో పాటు కాలిదెబ్బలనూ అనుమతించే ఈ ఆటను 1960లలో ప్రమోటర్ ఒసాము నొగుచి జపాన్‌లో నెలకొల్పారు. 1993లో మొదలైన కె-1 అనే సంస్థ దానిని టెలివిజన్ ద్వారా ప్రపంచానికి పరిచయం చేసింది. అక్కడ ఆటగాడి జీవితం సమాఖ్య ఎంపిక మీద కాక, అతనితో ఒప్పందం చేసుకున్న సంస్థ మీద ఆధారపడుతుంది. కె-1 విజేత తకేరు, పోటీ సంస్థ రైజ్ విజేత తెన్షిన్ నసుకావా ఒకరితో ఒకరు తలపడాలని అభిమానులు ఏళ్ల తరబడి కోరినా, సంస్థల మధ్య గోడల వల్ల అది 2022 జూన్ 19న టోక్యో డోమ్‌లో గాని జరగలేదు. బరువు కూడా నియమావళి ప్రకారం కాక బేరం ప్రకారం కుదిరింది: ముందురోజు 58 కిలోలు, పోరు రోజున 62 కిలోలు మించరాదు. తెన్షిన్ గెలిచి, మరుసటి ఏడాది ప్రొఫెషనల్ బాక్సింగులోకి మారారు. నిజామాబాదు అమ్మాయికి ఇటువంటి మరో సంస్థ, మరో ఒప్పందం అన్న దారి లేదు. జాతీయ జట్టు తలుపు మూసుకుంటే ఆమెకు ఆటే లేదు.

ఎంపిక పోటీలో ఓటమి తరువాతి రెండేళ్లే ఆమెను సీనియర్ స్థాయి విజేతగా మలిచాయి. 2021లో ఇస్తాంబుల్‌లోని బోస్ఫరస్ టోర్నమెంటులో 2019 ప్రపంచ విజేత ఎకతెరీనా పాల్‌త్సేవా (రష్యా)ను, రెండుసార్లు ప్రపంచ విజేత నాజిమ్ కిజైబాయ్ (కజకస్థాన్)ను ఓడించి కాంస్యం తెచ్చారు. 2022 ఫిబ్రవరిలో స్ట్రాంజా సెమీఫైనల్లో టోక్యో రజత విజేత, టర్కీ బాక్సర్ బూసె నాజ్ చాకిరోగ్లును ఓడించి, ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన తెతియానా కోబ్‌పై గెలిచి రెండవసారి ఆ టైటిల్ అందుకున్నారు. మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ ఫైనల్లో థాయ్‌లాండ్‌కు చెందిన జిత్‌పాంగ్ జుతామస్‌ను 5-0తో ఓడించారు. మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ ఆర్.ఎల్., లేఖ కె.సి.ల తరువాత మహిళా ప్రపంచ టైటిల్ గెలిచిన ఐదవ భారతీయురాలు ఆమె. 2011లో ఆమె జూనియర్ విజయానికీ టర్కీయే వేదిక కావడం యాదృచ్ఛికం.

కామన్వెల్త్ క్రీడలలో 52 కిలోల విభాగం లేకపోవడంతో ఆమె 50కి దిగవలసి వచ్చింది. జూన్‌లో జరిగిన ఎంపిక పోటీలలో ఆ విభాగంలో నిఖత్ ఎంపికై, బర్మింగ్‌హామ్ ఫైనల్లో ఉత్తర ఐర్లాండ్ బాక్సర్ కార్లీ మెక్‌నాల్‌పై 5-0తో స్వర్ణం గెలిచారు. ఆ ఏడాదే అర్జున పురస్కారం లభించింది.

2023 మార్చిలో న్యూఢిల్లీ ప్రపంచ పోటీలు ఆమె ఆటలోని ఓర్పును పూర్తిగా చూపాయి. సీడింగ్ లేకుండా బరిలోకి దిగిన ఆమె ఆరు బౌట్లు ఆడవలసి వచ్చింది. అల్జీరియాకు చెందిన టాప్ సీడ్ రుమైసా బువాలంను, థాయ్‌లాండ్‌కు చెందిన చుతామత్ రక్సత్‌ను, సెమీఫైనల్లో మేరీ కోమ్‌ను టోక్యోలో ఓడించిన ఇంగ్రిత్ వాలెన్సియాను దాటి, మార్చి 26న ఫైనల్లో వియత్నాంకు చెందిన ఎన్గుయెన్ థి తామ్‌ను 5-0తో ఓడించారు. నీతూ ఘంఘాస్, లవ్లీనా బొర్గొహైన్, సావీటీ బూరా కూడా గెలవడంతో భారత్‌కు నాలుగు స్వర్ణాలు దక్కాయి.

అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో సెమీఫైనల్ చేరి పారిస్ ఒలింపిక్స్ అర్హత సంపాదించినా, ఢిల్లీలో తాను ఓడించిన రక్సత్ చేతిలోనే 2-3తో ఓడి కాంస్యంతో సరిపెట్టుకున్నారు. పారిస్‌లో మహిళల అతిచిన్న విభాగం 50 కిలోలు. 52 కిలోలలో ప్రపంచ విజేత అయిన శరీరాన్ని 50 దగ్గర పట్టి ఉంచడం ఎంత కష్టమో అక్కడే బయటపడింది. సీడింగ్ లేని ఆమెకు జర్మనీకి చెందిన మాక్సీ క్లోట్జర్‌పై 5-0 విజయం తరువాత, రెండవ బౌటులోనే టాప్ సీడ్ వూ యూ (చైనా) ఎదురయ్యారు. 2024 ఆగస్టు 1న ఆ బౌటును నిఖత్ 0-5తో కోల్పోయారు. బరువు కోసం రెండు రోజులు ఆహారం మానుకున్నానని, కోలుకునే వ్యవధి దొరకలేదని బౌటు తరువాత ఆమె చెప్పారు. వూ యూ ఆ విభాగంలో స్వర్ణం గెలిచారు. ఫైనల్లో ఓడినది చాకిరోగ్లు. ఆ డ్రా మరోలా పడి ఉంటే పతకం దగ్గరకైనా చేరేవారని అనుకోవడానికి ఆధారం ఉంది.

జీవనోపాధి విషయానికి వస్తే, ఆమె 2021లో బ్యాంక్ ఆఫ్ ఇండియా హైదరాబాదు కార్యాలయంలో ఉద్యోగం పొందారు. 2022 విజయం తరువాత తెలంగాణ ప్రభుత్వం రూ. 2 కోట్ల నగదు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 సెప్టెంబరులో ఆమె రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీగా నియమితులయ్యారు. జపాన్ కిక్‌బాక్సర్‌కు పోరుపోరుకూ వచ్చే పారితోషికం చేసే పనిని మన దేశంలో ప్రభుత్వ ఉద్యోగం చేస్తుంది.

ఈ మధ్యలో ఆట నిర్వహణే మారిపోయింది. ఆమె రెండు టైటిళ్లు గెలిచిన పోటీలను నిర్వహించిన అంతర్జాతీయ బాక్సింగ్ సంఘానికి 2023లో ఒలింపిక్ గుర్తింపు రద్దయింది. అదే ఏడాది ఏర్పడిన వరల్డ్ బాక్సింగ్ సంస్థకు 2025లో గుర్తింపు దక్కింది. కొత్త సంస్థ విభాగాల పట్టికలో 50, 52 కిలోలు పోయి 51 తిరిగి వచ్చింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీలలో ఆ విభాగంలోనే ఆడిన నిఖత్, జపాన్ బాక్సర్ యునా నిషినాకాను ఓడించి క్వార్టర్‌ఫైనల్ చేరి, అక్కడ చాకిరోగ్లు చేతిలో 0-5తో నిష్క్రమించారు. నవంబరు 20న గ్రేటర్ నోయిడాలో జరిగిన వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో చైనీస్ తైపేకు చెందిన గువో యీ-షువాన్‌ను 5-0తో ఓడించి స్వర్ణం గెలిచారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళల అతిచిన్న విభాగం 51 కిలోలే.